గులాబీ రంగు ఎక్కడికీ పోలేదు

యాదగిరికి నేను చెప్పిన అబద్ధం చాలా చిన్నది. చిన్నదే కదా, ఏళ్లు గడిస్తే అదే అరిగిపోతుందనుకున్నాను. అరగలేదు. చెప్పులో పడ్డ రాయిలాగా ఉండిపోయింది. నడవనిస్తుంది కానీ మరిచిపోనివ్వదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను మరి? మీరు యాదగిరిని ఎరగరు కాబట్టి. అతని ముందు నోరు పెగలని పిరికివాణ్ని కాబట్టి.

మాది సిరిసిల్ల. యాదగిరీ నేనూ ఒకే వాడలో పెరిగాం. రెండిళ్లలోనూ సాంచెలే, అంటే కరెంటు మగ్గాలు. నేను చదువుకొని కోరుట్ల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్నయ్యాను. అతను నూలుకు రంగు వేసే పనిలో కుదిరాడు. తర్వాత కూడా మమ్మల్ని కలిపి ఉంచింది చేపలు. అక్వేరియంలో పెంచే సిక్లిడ్ చేపలు జంట కట్టి కాపురం చేస్తాయి, పిల్లల్ని కంటికి రెప్పలా కాచుకుంటాయి. వాటిలో ఒళ్లంతా నల్లచారలుండే రకాన్ని మావాళ్లు జైలు చేపలనేవారు. అదే రకంలో అరుదుగా చారల్లేని లేత గులాబీ చేప కూడా ఉంటుంది.

కోరుట్లలో నా ఇంట్లో అద్దాల తొట్టి, మోటారు, లావుపాటి పుస్తకాలు. అయినా నా చేపలు చచ్చేవి. అతని పెరట్లో పాత సిమెంటు తొట్టి, అందులో బోర్లించిన కుండపెంకు. ఆ పెంకు కింద చేపలు గుడ్లు పెట్టేవి, బిలబిలమని పిల్లలు తేలేవి. వాడలో అతను 'చేపల యాదగిరి'. నేనో? చేపల యాదగిరి దోస్తుని! ఆ మాటకు పైకి నవ్వేవాణ్ని. లోపల మాత్రం మండేది.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. ఊరూరా దీక్షా శిబిరాలు, ఎటు చూసినా గులాబీ కండువాలు. యాదగిరికి ఒక ముచ్చట పుట్టింది. శిబిరం ముందు అద్దాల తొట్టి పెట్టి, దాని నిండా గులాబీ చేపల్ని వదలాలని. "మైకు పట్టి మాట్లాడుడు నాకు రాదన్నా. నాకొచ్చింది గిదే" అనేవాడు. అతని దగ్గర గులాబీ మగచేప ఒక్కటే ఉంది. బందులూ రాస్తారోకోలతో బస్సులు నడవక, హైదరాబాదు నుంచి దానికి జోడు తెచ్చే దారి లేదు. అందుకని చారల ఆడచేపతో జత కట్టించాడు. వాడంతా చెప్పుకున్నాడు. పిల్లలు పుట్టాయి, పెరిగాయి. ఒక్కటంటే ఒక్కటి గులాబీది లేదు. అన్నీ చారలవే.

వాడంతా నవ్వింది. "ఏందిరా యాదగిరీ, ఉద్యమంల నువ్వు జైలుకు పోకముందే చేపలకు జైలు బట్టలు తొడిగినవ్!" అని ఆటపట్టించారు. సెలవుకు ఊరొచ్చిన నేనూ నవ్వాను. అందరికంటే కొంచెం ఎక్కువసేపే నవ్వానేమో.

ఆ సాయంత్రం తొట్టి గట్టు మీద ఇద్దరమే కూర్చున్నప్పుడు అడిగాడు.

"అన్నా, నువ్వు సదువుకున్నోనివి. జెర చెప్పు. గా గులాబీ రంగు పోయినట్టేనా? మల్ల రాదా?"

ఇక్కడ ఆగాలి. ఇక్కడ ఎన్నిసార్లు ఆగానో! నాకు జవాబు తెలుసు. ఏటా పిల్లలకు నల్లబల్ల మీద నాలుగు గళ్లు గీసి చెప్పే బఠాణీ మొక్కల పాఠమే అది. తల్లి ఇచ్చిన చారలు పైకి కనబడుతున్నాయి, తండ్రి ఇచ్చిన గులాబీ ప్రతి పిల్లలోనూ కనబడకుండా దాగి ఉంది, ఈ పిల్లలు పెద్దవయ్యాక వాటిలో వాటినే జత కట్టిస్తే పుట్టేవాటిలో ఇంచుమించు నాలుగింట ఒకటి గులాబీది అవుతుంది. కొన్ని నెలల ఓపిక చాలు. ఇదంతా నా నాలుక చివరే ఉంది.

"పోయింది తమ్మీ" అన్నాను. "ముదురు రంగుల ముంచినంక లేత రంగు ఏడుంటది? గీ ముచ్చట నీకు నేను చెప్పాల్నా?"

అతను తన చేతులు తిప్పి చూసుకున్నాడు. గీతల నిండా రంగు. "గంతేనన్నా. నా చెయ్యి మంచిగ లేదు" అన్నాడు.

ఎందుకన్నాను ఆ మాట? తెలియదని తప్పించుకోవచ్చు కదా. లేదు, నాకు అతను నమ్మడం కావాలి. అందుకే అబద్ధాన్ని కూడా అతని పనిలోంచే ఏరి అతని చేతిలో పెట్టాను. నూలు విషయంలో అది నిజం, ముదురు రంగు లేత రంగును మింగేస్తుంది. చేప నూలు కాదని నాకు తెలుసు, అతనికి తెలియదు. నా చదువు అతని ముందు అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే. ఛీ!

చేపపిల్లల్ని మానేరు వాగులో వదిలేస్తానన్నాడు. "ఒక జత నాకియ్యరాదు, పాపం" అన్నాను. ఇచ్చాడు.

అంతటితో అయిపోతే ఇంతకాలం మోసేవాణ్ని కాదేమో. రంగుల పనివాళ్లకు హస్తవాసి మీద గట్టి నమ్మకం. ఒక రంగు చేతికి అచ్చిరాలేదనుకుంటే ఇక ఆ రంగు కలిపిన తొట్టి దగ్గరికి పోరు. ఆ కాలంలో కండువాలకూ జెండాలకూ సిరిసిల్లలో అందరూ అడిగింది గులాబీ నూలే. యాదగిరి గులాబీ తొట్టిలో చెయ్యి పెట్టనన్నాడు. అద్దకం పని ఇచ్చే సేటు బతిమాలాడు, తిట్టాడు, చివరికి వేరే మనిషిని పెట్టుకున్నాడు. యాదగిరి ఇంట్లో ఆడవాళ్లతో పాటు కూర్చుని, తక్కువ కూలికి మగ్గాలకు నూలు కండెలు చుట్టాడు. ఆ సంగతి విన్నాను. విని కూడా ఊరుకున్నాను.

కోరుట్లలో నా దగ్గర ఆ చారల జత గుడ్లు పెట్టింది. ఎందుకో ఈసారి చావలేదు. పిల్లల్లో గులాబీవి వచ్చాయి, లెక్క ప్రకారమే. మా లెక్చరర్ల శిబిరం ముందు తొట్టి పెట్టాను. చప్పట్లు కొట్టారు. కబురు తెలిసి యాదగిరి లారీ పట్టుకొని వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఏడికెల్లి తెచ్చినవన్నా?"

"హైదరాబాదుకెల్లి."

"నీ చెయ్యి మంచిదన్నా" అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు, అదే నన్ను చంపింది. అతను చూస్తున్నది తన చేపల మనుమల్ని.

మొన్న జగిత్యాలలో ఒక పెళ్లిలో కలిశాడు. తల నెరిసింది. చేతులు శుభ్రంగా ఉన్నాయి, గీతల్లో ఏ రంగూ లేదు. మనుమరాలు చేపలు కావాలని సతాయిస్తోందట. "నువ్వొచ్చి నీ చేత్తోని ఏసియ్యన్నా. నా చెయ్యి మంచిది గాదు, నీకు తెలుసు గదా" అన్నాడు.

నాకు తెలుసు. సరేనని తలూపాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? పక్కన బంధువులున్నారని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. ఎవరూ లేకపోయినా తలే ఊపేవాణ్ని.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. అతని ముందు నిలబడతానని మాట కూడా ఇవ్వలేను, నా సంగతి నాకు తెలుసు. కానీ అతనితో అనాల్సిన మాట ఒక్కసారి, కనీసం ఇక్కడైనా, పూర్తిగా అనాలి. అంటేనే నాకు ఊపిరి ఆడేలా ఉంది.

తమ్మీ, గులాబీ రంగు పోలే. కోరుట్లల నువ్వు చూసినయి నీ చేపలే. నీ చెయ్యి మంచిదే.