అచ్చియ్యమ్మ కాళ్లు

చోడవరం పొలిమేరలో బెల్లం గానుగ దగ్గర పొయ్యిలో చెరకు పిప్పి ఎగదోస్తూ అచ్చియ్యమ్మ పొద్దుటి నుంచీ నిలబడే ఉంటుంది. నొప్పి ముదిరితే కొంగలా ఒంటికాలి మీదికి ఒరుగుతుంది. పిక్కల మీద నీలి నరాలు ఉబ్బి, వానాకాలపు పంటకాలవల్లా మెలికలు తిరుగుతాయి. రోజూ కాసేపు కాళ్లు గుండె కంటే ఎత్తున పెట్టుకుని పడుకోకపోతే ఈ పని మానుకోవలసిందేనని కాంపౌండరు చెప్పాడు. ఆ మధ్యాహ్నం బెల్లం పాకం పెనం దించాక ఆమె నీడలో వెల్లకిలా పడుకుంది. కాళ్లు ఎటు చాపాలి? అటు పొయ్యి, అగ్నిదేవుడు. ఇటు బెల్లం దిమ్మలు, లక్ష్మి. పిప్పి కుప్ప మీద పెడదామంటే అది పొయ్యికి వేసేది. మిగిలిన వైపు మొగుడు పరదేశి చుట్ట కాలుస్తున్నాడు. ఆమె మోకాళ్లు ముడుచుకుంది.

“ఏటే, అలా ముడుసుకున్నావు?”

“ఎటు సాపినా పాపమే గదా!”

పరదేశి చుట్ట ఆర్పి, దగ్గరకు జరిగి, ఆమె మడమలు రెండూ ఎత్తి తన భుజాల మీద పెట్టుకున్నాడు.

“ఓలమ్మో, దించు! ఎవులైనా సూస్తే?”

“సూడనీ. ఇన్నేళ్లు సెరుకు మోపులు మోసేను. ఇయ్యి అంతకన్నా బరువేటే?”

ఆమె నవ్వుతూనే కళ్లు మూసుకుంది. గాలి నిండా వేడి బెల్లం వాసన. ఎక్కడో తూము మూసినట్టు నీలి కాలవలు మెల్లగా ఇంకిపోతున్నాయి. అవతల ఎద్దులకు మళ్లీ కాడి కట్టి పరదేశిని కేకేశారు. ఆమె నిద్రలోకి జారేదాకా అతను పలకలేదు.