కోళ్లగూటి మీద నల్ల కంబళి

మీ కోళ్లు చచ్చేది ఎండకా, దిష్టికా? ఎప్పుడైనా గూటిలో చెయ్యి పెట్టి చూశారా?

పోయిన ఎండాకాలం సోమందేపల్లిలో, మా పెరట్లో రెండు కోళ్లు ఒకే మధ్యాహ్నం చచ్చాయి. దిష్టి తగిలిందని మా అత్త రేకుల గూటికి చుట్టూ నల్ల కంబళి కప్పేసింది. మరునాడు మధ్యాహ్నం గూటిలో చప్పుడే లేదు. నేను కంబళి లాగబోయాను.

"తియ్యొద్దు మే! మిగిలినవీ పోతే నువ్వు తెచ్చిస్తావా?" అని అత్త నా చెయ్యి పట్టుకుంది.

"చదువుకున్న కోడలు కదా, కోళ్లకు పాఠం చెప్తాదిలే!" అని పక్కింటి రామక్క గోడవతల నుంచి నవ్వింది.

"అత్తా, ముందు నీ చెయ్యి లోపల పెట్టు" అన్నాను. పెట్టింది. చుర్రుమని వెనక్కి లాక్కుంది. నేను కంబళి పీకేశాను. లోపల అత్తకు ప్రాణమైన ఎర్రపెట్ట నోరు తెరిచి, రెక్కలు చాచి రొప్పుతోంది. దాన్ని నీడకు తెచ్చి, కాళ్లు నీళ్లలో ముంచాను. రామక్క గోడ మీద నుంచి తొంగి చూసింది. చాలాసేపటికి పెట్ట లేచి నీళ్లు తాగింది.

అత్త వెళ్లి, గోనెసంచి తడిపి తెచ్చింది. "రేకు మీద పరిస్తే సాలునా మే?" అంది.

చాలు. కోడికి చెమట పట్టదు, దానికి కావలసింది గాలీ, నీడా, నీళ్లే. ఈ మధ్యాహ్నమే మీ గూటిలో చెయ్యి పెట్టండి. కాలితే, దిష్టి తియ్యడం మాని ముందు కోళ్లను బయటికి తియ్యండి!