కాలు తగిలిన రాయి

ఐర్లండ్ కర్లింగ్ జట్టులోకి నన్ను తీసుకున్నది నా ప్రతిభ చూసి కాదు, మా ఇల్లు ఎయిర్‌పోర్టుకి దగ్గరని. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు గానీ నమ్మరు. మంచు మీద ఆడే ఈ ఆటకి పనికొచ్చే మంచు అప్పట్లో ఈ దేశంలో లేదు. శనివారం పొద్దున్నే విమానమెక్కి స్కాట్లండ్ పోయి ఆడి రావాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మంచు లేదు గానీ జాతీయ జట్టు మాత్రం ఉంది. ఆ జట్టుకి శుక్రవారం రాత్రే వచ్చి పడుకోవడానికి ఒక కొంప కావలసి వచ్చింది. మేముండేది ఎయిర్‌పోర్టు పక్కనే, స్వోర్డ్స్‌లో.

చెర్రీవుడ్‌లో ఉన్న మా ఆఫీసు వాళ్ళు ఒకసారి సరదాకి మమ్మల్ని స్కాట్లండ్ మంచు మీదికి తీసుకెళితే, ఆట నేర్పడానికి వచ్చినావిడే మా కెప్టెన్. దేశానికి అటు చివరున్న స్లైగో ఆసుపత్రిలో నర్సు. నాకంటే పెద్దది, మాట కరుకు. నేను చీపురు పట్టుకున్న తీరు చూసి పర్వాలేదంది. ఇల్లెక్కడని అడిగి, స్వోర్డ్స్ అనగానే బ్రహ్మాండం అంది. వచ్చే శుక్రవారానికల్లా సంచీతో సహా మా సోఫా మీద ఉంది.

ఆట గురించి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. నున్నటి మంచు మీద, పిడి ఉన్న బరువైన రాయిని జారవిడిచి దూరంగా గీసిన రంగు వలయాల నడిమధ్యకి చేర్చాలి. రాయి ముందు ఇద్దరు చీపురు కర్రలతో మంచు రుద్దుతూ పోతారు. రుద్దితే రాయి ఇంకొంచెం దూరం, ఇంకొంచెం తిన్నగా పోతుంది. కదిలే రాయికి మన కాలో చీపురో తగిలితే ఎవరూ పట్టుకోరు, మనమే చెప్పాలి. అప్పుడా రాయిని ఉంచాలో తీసెయ్యాలో అవతలి కెప్టెన్ ఇష్టం. అంతే ఆట. మా ఆయనకి ఇంతవరకూ అర్థం కాలేదు, అది వేరే సంగతి.

ఆ రోజుల్లో మా అత్తగారు ఇక్కడే ఉండేవారు. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ముట్టని కోడలు ఊడవడానికి విమానమెక్కి పోతోందని ఫోన్లో చుట్టాలందరికీ చెప్పి మురిసిపోయేవారు. గోడకి నిలబెట్టిన నా కర్లింగ్ చీపురు కనబడితే చాలు, చీపురు నిలబెట్టకూడదని తీసి కింద పడుకోబెట్టేవారు. మా కెప్టెన్ మళ్ళీ తీసి నిలబెట్టేది. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ నెలల తరబడి అలా పోట్లాడుకున్నారు. ఉప్మా దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట, జీడిపప్పు చాల్లేదని.

కెప్టెన్‌కి ఒకటే కోరిక. యూరప్ పోటీల్లో మాది కింది గ్రూపు. ఒక్కసారి పై గ్రూపుకి ఎక్కి, పెద్ద దేశాల వాళ్ళతో ఆడి, చిత్తుగా ఓడిపోయినా సరే వచ్చెయ్యాలని. చిన్నప్పటినుంచీ ఆవిడ వేరే ఏదీ కోరుకున్నట్టు నాకు కనబడలేదు.

ఒక ఏడాది ఆ గడప దాకా వెళ్ళాం. చివరి ఆట, చివరి రాయి. వేసింది కెప్టెన్, ముందు రుద్దుతున్నది నేను. రాయి వలయాల్లోకి వస్తూ ఉండగా నా బూటు అంచు దానికి ఇలా తగిలింది. తగిలిందని నాకే సరిగ్గా తెలీదు. కానీ ఈ ఒంటికి తెలిసింది. పుస్తకానికి కాలు తగిలినా, పక్కనున్న మనిషికి తగిలినా చటుక్కున వంగి ముట్టుకుని కళ్ళకద్దుకునే ఒళ్ళు కదా ఇది. వంగాను. కదులుతున్న రాయి మీద ఎంచక్కా చెయ్యి వేసి కళ్ళకద్దుకున్నాను. కాలు తగలడం ఎవరూ చూడలేదు. చెయ్యి పెట్టడం హాలంతా చూసింది.

రాయి తీసేశారు. ఓడిపోయాం. మా కెప్టెన్ అన్నదాంట్లోంచి బూతులు తీసేస్తే మిగిలేది ఇంతే.

"కాలు తగిలింది, సరే. చెయ్యెందుకు పెట్టావు?"

మా పద్ధతంతా చెప్పాను. చెప్పుకి కాలు తగిలితే కూడా ఇలాగే చేస్తారా అని అడిగింది. చెప్పుకి చెయ్యమన్నాను. మరి రాయికెందుకంది. మా వైపు రాళ్ళ సంగతి నీకు చెప్పాలంటే ఒక విమాన ప్రయాణం చాలదన్నాను. చాలా రోజులు నాతో మాట్లాడలేదు, శుక్రవారాలు సోఫా మీద పడుకోవడం మాత్రం మానలేదు.

విచిత్రం ఏమిటంటే, మిగతా ప్రపంచం నన్ను నిజాయితీపరురాలిని చేసి కూర్చోబెట్టింది. తప్పు ఒప్పుకోవడమే కాదు, రాయికి క్షమాపణ కూడా చెప్పిందట. నిజాయితీ కాదు బాబూ, అలవాటు అంటే, అబ్బ, ఎంత వినయం అన్నారు. కొన్నేళ్ళకి నా భుజం పాడై ఇక రుద్దలేనన్నప్పుడు, ఆ పేరు మీదే నన్ను జాతీయ కోచ్‌ని చేశారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. టికెట్లు కొనడం, చలికోట్లు మొయ్యడం, ఉప్మా వండడం. ఇదివరకు చేసిన పనులే, ఆడనివ్వరంతే అన్నారు మా ఆయన. జీవితంలో ఆయన ఈ ఆట గురించి అన్న సరైన మాట అదొక్కటే.

పోయిన సీజన్‌లో మళ్ళీ ఆ గడప దగ్గరికి వచ్చాం. కెప్టెన్ మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్‌కి రోజు పెట్టేశారు, ఆ తరువాత మంచెక్కేది లేదు. ఒంగి వెయ్యడం కష్టం కాబట్టి తన వంతు రాళ్ళు ముందే ఎలాగో వేసేసి, వలయాల దగ్గర నిలబడి దారి చూపిస్తోంది. చివరి రాయి జట్టులోని ఇంకో అమ్మాయి వేసింది. నేను వలయాల వెనక బెంచీ మీద, ఒళ్ళో అందరి కోట్లూ.

రాయి వచ్చింది. ఇంకొంచెం జరగాలి. కెప్టెన్ కుంటుకుంటూ ముందుకొచ్చి తనే రుద్దింది. రుద్దుతుంటే ఆవిడ బూటు రాయికి రాసుకుంది. నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు. రాయి మెల్లగా వెళ్ళి నట్టనడుమ ఆగింది. మా జట్టు పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గంతులేస్తున్నారు. అవతలి కెప్టెన్ ఓటమి ఒప్పుకుంటూ చెయ్యి చాపింది.

అప్పుడు నేనేమనుకున్నానో చెప్తాను. నోరు మూసుకో తల్లీ, అనుకున్నాను. ఎవరూ చూడలేదు, ఆ చెయ్యి పట్టుకుని ఊపెయ్యి, నీ జన్మకి ఇదొక్కటేగా అడిగావు, అనుకున్నాను. వెంకన్నకి మొక్కాను కూడా. దేశానికి కోచ్‌ని, నిజాయితీకి మారుపేరుని.

కెప్టెన్ ఆ చెయ్యి పట్టుకోలేదు. కాసేపు రాయి వైపే చూసింది. తరువాత చీపురు మీద బరువు మోపి, ఆ మోకాలిని నెమ్మదిగా వంచి, రాయిని వేళ్ళతో తాకి, కళ్ళకద్దుకుంది.

అవతలావిడకి అర్థం కాలేదు. మావాళ్ళకి వెంటనే అర్థమైంది, గంతులు ఆగిపోయాయి. కెప్టెన్ విషయం చెప్పింది. అవతలావిడ కొంచెంసేపు ఆలోచించుకుని రాయి తీసెయ్యమంది. ఆవిడ హక్కు, నేనైనా అదే చేసేదాన్ని. ఓడిపోయాం.

నాకు సిగ్గేసింది. ఆ రోజు నేను వంగింది నాకు తెలియకుండానే. ఆవిడకి ఆ అలవాటెక్కడిది? పోయేదేమిటో పూర్తిగా తెలిసి, ఆలోచించుకుని మరీ వంగింది.

బట్టలు మార్చుకునే గదిలో మోకాలి మీద ఐసు సంచీ పెట్టుకుని కూర్చుంది. ఏడ్చినట్టుంది. ఎదురుగా నేల మీద కూర్చుని ఆవిడ బూటు లేసు విప్పడం మొదలుపెట్టాను. ముడి ఊడేసరికి అడిగింది.

"సరిగ్గానే పెట్టానా?"

"ఎడం చేత్తో పెట్టావు," అన్నాను.

కుడి చేతిలో చీపురు ఉంది గదా అని గొణిగింది. బూటు గట్టిగా లాగాను. అది ఊడి వచ్చి, ఆవిడ కాలు నా భుజానికి తగిలింది. ఆవిడ ఐసు సంచీ పక్కన పడేసి, ముక్కు ఎగబీల్చి, ముందుకు వంగి నా భుజం తాకి కళ్ళకద్దుకుంది. ఈసారి కుడి చేత్తోనే.