నీళ్లలో ముంచిన అతుకు

పెనుకొండలో గేట్లు, గ్రిల్లులు చేసే షెడ్డు మాది. అందులోనే ఒకరోజు కటింగ్ మిషన్ చక్రం పగిలి నాయన కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. అప్పటినుంచి ఆ మిషన్ కూత వింటే నాకు భయం. పామును చూసినా జంకని వాణ్ణి, ఆ చక్రం దగ్గర మాత్రం మెడ వెనక్కి లాక్కునే కోసేవాణ్ణి. ఎర్రమంచి వైపు కార్ల ఫ్యాక్టరీ వచ్చి అద్దె గదులు కట్టేవాళ్లు పెరిగాక రోజంతా పైపులు కోయడమే పని. ఇక నావల్ల కాదనిపించి, సొంతంగా బ్యాండ్‌సా చేస్తానన్నాను. పళ్లున్న పొడవాటి బ్లేడు కొసలు రెండూ అతికి, రెండు చక్రాల మీద బెల్టులాగా తిప్పితే అది ఇనుమును నిదానంగా కోస్తుంది.

"కొంటే మంచి మిషన్ కొను, ల్యాకుంటే ఊరికే ఉండు. ఈ పిచ్చిపనులు నీకేలరా?" అన్నాడు నాయన.

చెప్పిన మాట వినే గుణం నాకు పుట్టుకతోనే లేదు. ధర్మవరంలో పాత మరమగ్గం మోటారు దొరికింది. హిందూపురం గుజిరీలో పాత ఇనుము తిరగేసి పిండిమర చక్రాలు రెండు ఏరుకొచ్చాను. ఫ్రేము నేనే కట్టాను. చక్రాల మీద నూనెడబ్బా రేకుతో మూతలు చేశాను. నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ నాయన వాకిట్లో కుర్చీ వేసుకుని గొణుగుతూ కూర్చున్నాడే గానీ లోపలికి అడుగు పెట్టలేదు.

బ్లేడు కూడా హిందూపురంలోనే కొన్నాను. "అతుకు నేనే మిషన్ మీద వేసిస్తానప్పా" అన్నాడు అంగడాయన. నాకు రోషం పొడుచుకొచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి వెల్డింగ్ చేస్తున్నవాడికి ఇంకొకడు అతుకు వేసేదేమిటి? వద్దన్నాను.

"సరే, నీ ఇష్టం. అతికినాక ఆ జాగాను ఇంకొకసారి సన్నమంట మీద కాచి, గాలికే ఆరనియ్యి. నీళ్లు తగిలితే గాజు మాదిరి పెళుసు అయిపోతాది" అని ఆయన చెబుతూనే ఉన్నాడు. నేను బండి స్టార్టు చేసేశాను.

ఇంటికొచ్చి అతికాను. ఏది అతికినా వెంటనే బకెట్లో ముంచి చల్లార్చడం మా షెడ్డులో అలవాటు. చెయ్యి తనంతట తానే ముంచేసింది. సుయ్యిమంది. అతుకు నున్నగా అరగదీసి, అబ్బ, ఎంత బాగా కుదిరిందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మరునాడు పొద్దున మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టాను. నాయన మొదటిసారి లోపలికొచ్చాడు. "మొదటి కోత నాది" అన్నాడు. మా ఇంట్లో ఏ కొత్త మిషన్ మీదైనా ముందు పెద్దవాళ్ల చెయ్యే పడాలి. కాదనడానికి లేదు.

"మూతలు బిగించినావా?"

"బిగించినా నాయనా."

"అయితే నువ్వు పోయి ఆ గోడకాడ స్విచ్చి పట్టుకో."

స్విచ్చి వేశాను. బ్లేడు తిరిగింది. నాయన మిషన్ ముందు కూర్చుని, మూడు వేళ్ల కుడిచెయ్యి పైపు మీద పెట్టి ముందుకు నెట్టాడు. అతుకు వచ్చినప్పుడల్లా టక్, టక్ అని చప్పుడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నీళ్లు. గాజు. స్విచ్చి నా చేతి కిందే ఉంది. ఆపొచ్చు. కానీ ఆపితే ఎందుకు ఆపావంటాడు. నాలుగు నెలలు ఎగిరెగిరి పడినవాణ్ణి, తప్పు చేశానని ఎట్లా చెప్పేది? టక్, టక్. ఆ నాలుగు క్షణాలూ నేను నా పరువు గురించే ఆలోచించాను. థూ, సిగ్గులేని వెధవను!

"నాయనా, చెయ్యి తీ!" అని నేను అరవడమూ బ్లేడు తెగడమూ ఒకేసారి జరిగాయి. షెడ్డు అదిరింది. తెగిన కొస రేకుమూతను చీల్చుకుని బయటికొచ్చి, అక్కడే ఇరుక్కుని ఆగింది. స్విచ్చి ఆపి ఉరికాను. నాయన చేతులు రెండూ పట్టుకుని వేళ్లు లెక్కపెట్టాను. ఎనిమిది. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిదే. ఆ చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

"నీళ్లలో ముంచినావు కదా?" అన్నాడు నాయన మెల్లగా. "సుయ్యిమనే సద్దు నిన్ననే నాకు వాకిట్లోకి వినపడింది."

ఏడుపు పోయి కోపం ముంచుకొచ్చింది. "తెలిసి కూడా ఎందుకు కూర్చున్నావు? నోరు లేదా నీకు, చెప్పరాదా?"

"చెప్తే వినే మనిషివేనా నువ్వు? నేను కూర్చోకుంటే ఆడ నువ్వు కూర్చుంటావు. నాది ఎట్లున్నా పాడైన చెయ్యే."

బ్లేడు తెగినప్పటికంటే ఆ మాట విన్నప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

మరుసటి రోజు హిందూపురం పోయి, ఆ అంగడాయన చేతనే అతుకు వేయించుకొచ్చాను. మూతలు ఇంకా మందం రేకుతో చేశాను. మొదటి కోత నాదేనంటూ నాయన మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు ఆ గోడకాడికి పో నాయనా. స్విచ్చి పట్టుకో" అన్నాను.