మేము రికార్డు చేసిన నిశ్శబ్దం

ఆ రోజుల్లో మాకు రాని పనంటూ ఒక్కటీ ఉండేది కాదు. రాదన్న సంగతి మాకు తెలియకపోవడమే అందుకు కారణమని ఇప్పుడు అర్థమవుతోంది గానీ, అప్పుడు మాత్రం దేశం ఎదురుచూస్తున్న గొప్ప సినిమా తీసేది మేమేనని నాకూ, మా బావకూ, మా డైరెక్టరు అన్నకూ ఇసుమంత అనుమానం కూడా లేదు. డైరెక్టరు అన్నంటే మా బహదూర్‌పురా గల్లీలో బర్రెల కొట్టం నడిపే బాపు కొడుకు. పొద్దున ఇంటింటికీ పాలు పోసి, పగలంతా కథలు రాసేవాడు. మా బావ (అక్క మొగుడు, అదే గల్లీలో పుట్టినవాడు) పెళ్ళి బారాత్‌లలో ఏది చేతికిస్తే అది వాయించేవాడు. నేను ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాణ్ణి. ఈ అర్హతలతో మేమిద్దరం ఆ సినిమాకు సంగీత దర్శకులమయ్యాం (పోస్టరు మీద ఎవరి పేరు ముందుండాలన్న గొడవలో కొన్నాళ్ళు మాటల్లేవు, మధ్యలో మా అక్క నలిగిపోయింది).

సినిమా విషాద ప్రేమకథ. చార్మినార్ దగ్గర గాజులమ్మే పిల్ల, పురానాపూల్ పిల్లగాడు. చివర్లో ఆ పిల్ల అతని ఒళ్ళో తల పెట్టి కన్నుమూస్తుంది. షూటింగు ముగిసిన రోజున బాపు కొడుకును పిలిచి ఒకే ఒక్క మాటన్నాడు. "సూడు బిడ్డా, నీ సినిమా జూసి ఒక్కడన్న ఏడిస్తే నీ ఇష్టమున్నట్టు బతుకు. ఎవ్వడు ఏడ్వకపోతే తెల్లారి సంది కొట్టంలనే ఉండాలె. మల్ల సినిమా గినిమా అన్నవంటే ఊకోను." అన్న అక్కడికక్కడే సరేనన్నాడు. జనాన్ని ఏడిపించే బాధ్యత తెచ్చి మా ఇద్దరి నెత్తిన పెట్టాడు.

ఆ చావు సీనుకు నేను వయొలిన్లు (కీబోర్డులోవే), బావ షెహనాయీ సిద్ధం చేసుకుని వెళితే అన్న తల అడ్డంగా ఊపాడు.

"ఏం వద్దు. పిల్ల కన్ను మూసినంక నిశ్శబ్దం కావాలె. కంప్యూటర్ల ఆవాజు బంద్ జేస్తే వచ్చేది గాదు. అసలుది. మన బస్తీది."

"నిశ్శబ్దాన్ని రికార్డు జేసుడేందన్నా?" అన్నాను.

"గందుకే గదరా మిమ్మల్ని పెట్టుకున్న!" అన్నాడు. అంతటితో మేమిద్దరం ఉబ్బిపోయాం.

పగలైతే ఆటోల మోత, కూరగాయల బండ్ల కేకలు. అందుకని ఒక తెల్లవారుజామున, బర్రెలింకా లేవకముందే, అన్నవాళ్ళ డాబా ఎక్కి స్టూలు మీద మైకు పెట్టాం. ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఆ తరవాత ఒక్కొక్కరం హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాం. చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. "కమాల్ జేసినం రా! గుండె పిండుతున్నది," అన్నాడు బావ, ఛాతీ మీద చెయ్యేసుకుని. అన్న మా ఇద్దరినీ గట్టిగా కావలించుకున్నాడు.

మొదటి ఆట సికింద్రాబాదు వైపు ఒక చిన్న హాల్లో వేశాం. కాలేజీ పిల్లలతో హాలు నిండిపోయింది. బాపు ఉతికిన ధోవతి కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. కథ సాగింది, గాజుల పిల్ల కన్ను మూసింది, మా నిశ్శబ్దం మొదలైంది. అంతే, హాలంతా గొల్లున నవ్వింది! ఈలలు, చప్పట్లు, కడుపు పట్టుకుని దొర్లడం. "ఏమైంది రా? తెర గిట్ల చినిగిందా?" అన్నాడు బావ నా చెయ్యి నొక్కుతూ. అన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. అతని కళ్ళకు అప్పుడే కొట్టంలో బర్రెలు కనబడుతున్నాయి, పాపం.

ఆట అయిపోయాక ఒక కాలేజీ పిల్ల పరుగున వచ్చింది. "అన్నా, హీరోయిన్ పోగానే సింహం గర్జించుడు మస్తుంది! ఆ ఐడియా ఎవరిది?"

"ఏ సింహం?" అన్నాం ముగ్గురం ఒకేసారి.

ఆ మాట అన్నాక మాకు తట్టింది. మా గల్లీ గోడకు అవతల జూ ఉంది. అందులో సింహం రోజూ తెల్లవారుజామున గర్జిస్తుంది. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ వింటున్న చెవులు మావి, ఇంట్లో గోడ గడియారం చప్పుడులాగే అదీ మాకు పట్టదు. మేము ఊపిరి బిగబట్టి పట్టిన అసలు సిసలు నిశ్శబ్దం నిండా సింహమే ఉందన్నమాట!

ఇక పనైపోయిందనుకుని బాపును వెతుక్కుంటూ లోపలికి వెళ్ళాం. ఆయన ఇంకా సీట్లోనే కూర్చుని తువ్వాలతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. "గీళ్ళకు మనసే లేదారా? పిల్ల పానం పోతుంటే నవ్వుతుండ్రు!" అన్నాడు వెక్కుతూ. (ఆయనదీ బహదూర్‌పురాయే కదా!) అన్న ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడి, "బాపూ, నువ్వు ఏడ్చినవ్," అన్నాడు. బాపు ముక్కు చీదుకుని, "అయితే ఏందిరా? మాటంటే మాటే. పో, తీస్కో నీ సినిమాలు," అన్నాడు.

ఆ సినిమాను ఇప్పుడు కల్ట్ అంటున్నారు. పిల్లలు గుంపులుగా చేరి చూస్తారు, ఆ సీను రాగానే అందరూ కలిసి గర్జిస్తారు. చానెళ్ళవాళ్ళు అడిగితే మా అన్న గొంతు సవరించుకుని, "ఆ సింహం మన సమాజం అండీ," అంటాడు. మేమిద్దరం పక్కన కూర్చుని గంభీరంగా తల ఊపుతాం. ఆ ధీమా మాత్రం మాకు ఏనాడూ తగ్గలేదు.

నేను మియాపూర్‌లో అపార్టుమెంటుకు మారి చాలా ఏళ్ళయింది. మొన్న మా అమ్మాయి ఫోన్లో ఆ సీను పెడితే ఉలిక్కిపడ్డాను. సింహం! ఎంత స్పష్టంగా వినబడిందో. వెంటనే అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, నాకు సింహం ఇనపడ్డది!"

"నిజంగనా? నాకైతే ఇప్పటికి ఇనపడ్తలేదు రా," అన్నాడు. ఆపైన మెల్లగా, "అయితే నువ్వు మన గల్లీ ఇడిచిపెట్టినట్టే, తమ్మీ," అన్నాడు.

ఫోన్ పెట్టేసి, నవ్వుకుంటూనే ఆ సీను మళ్ళీ వేసుకున్నాను. బాపు తరవాత దాన్ని చూసి ఏడ్చినవాణ్ణి బహుశా నేనే.