బావ వదిలిన గుర్రం

మన టైలరుకి చదరంగం నేర్పింది వాళ్ల బావే. అక్క పెళ్లయిన కొత్తలో, బస్సు డిపోలో మెకానిక్ అయిన ఆ మనిషి గ్రీజు చేతులు కడుక్కుని వచ్చి, బామ్మర్దిని బోర్డు ముందు కూర్చోబెట్టుకునేవాడు. ఊరి జట్టులో ఒక్కసారైనా ఆడాలని ఆయనకి ఎంత ఆశో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఏటా చివరి ఆటలోనే బోర్లా పడతాడు, పాపం.

ఈ ఏడు జట్టు ఎంపిక టోర్నమెంటులో ఇద్దరూ గెలుస్తూ వచ్చారు, చివరి ఆట ఎవరికెవరితోనో ఇంకా తేలలేదు. చివరి ఆటకి ముందురోజు సాయంత్రం బావ కుట్టుమిషను పక్కన బోర్డు పరిచాడు.

“చూడరా, మొదట్లోనే బంటుని ఎర వేస్తా. ఆనక గుర్రాన్నీ వదిలేస్తా. వాడు దాన్ని తినేలోపు రాజు మీద పడతా. నిలుస్తుందంటావా?”

టైలరుకి విరుగుడు అప్పుడే తట్టింది. మంత్రిని అడ్డం పెట్టి, మంత్రికి మంత్రిని మార్చేసుకుంటే దాడి చప్పబడిపోతుంది, గుర్రం పోయింది పోయినట్టే ఉంటుంది. చెబుదామని నోరు కూడా తెరిచాడు. కానీ రేపు బావకి ఎదురు కూర్చోవలసింది తానే కావచ్చు. దిక్కుమాలిన ఆశ!

“అదిరింది బావా, తిరుగులేదు,” అన్నాడు.

అనుకున్నంతా అయింది. చివరి ఆట వాళ్లిద్దరికే పడింది. గెలిచినవాడు జట్టులోకి.

“నీకు తెలిసిందేగా, అయినా కాసుకో!” అంటూ బావ నవ్వుతూ బంటునిచ్చాడు, గుర్రాన్నిచ్చాడు. టైలరు క్షణం కూడా ఆలోచించకుండా మంత్రిని అడ్డం పెట్టేశాడు. కాసేపటికి బావ రాజుని పడుకోబెట్టి చెయ్యి కలిపాడు. ఎంత సిగ్గుమాలిన గెలుపో చెప్పండి!

ఆట అయ్యాక ఇద్దరూ కూర్చుని తప్పెక్కడ జరిగిందో వెతుక్కోవడం ఆటగాళ్ల మర్యాద. పక్క గదిలో బావ పావులు మళ్లీ పేర్చాడు.

“నువ్వు బాగుందన్నావు. నేనే ఎక్కడో చెడగొట్టుకున్నా. ఎక్కడంటావు?”

టైలరు బోర్డు మీదికి వంగాడు. గుర్రాన్ని చూపిస్తే, అంత చప్పున జవాబు ఎలా ఆడావని అడగడూ? నిన్నటి అబద్ధం బయటపడదూ? వేలు తీసుకెళ్లి మూలనున్న బంటు మీద పెట్టాడు.

“ఇక్కడ బావా. దీన్ని కదపకుండా ఉండాల్సింది.”

బావ మొహం విప్పారింది. “అంతేనా! అయితే దాడిలో లోపం లేదన్నమాట. వచ్చే ఏడూ ఇదే ఆడతా. మీ అక్కతో చెబుతానుండు, నువ్వు లేకపోతే ఈ తప్పు నాకు దొరికేదే కాదని.”

టైలరు పావులు పెట్టెలో సర్దుతూ ఊఁ కొట్టాడు.