ఎవలదీ కాని మెడల్

మా మామ పోయిండన్న కబురు నాకు తల్లిగారింట్ల తెలిసింది. పొద్దుగాల వాకిలి ఊడుస్తుంటె మా ఆయన సైకిల్ మీద వచ్చి, దిగకుండనే "బాపు పోయిండు" అన్నడు. నిద్రల్నే పోయిండట. ఉప్పుగూడ చేరెసరికి ఆయనను అరుగు మీద పండబెట్టిండ్రు. మొఖం నిమ్మలంగ ఉండె. లాల్‌దర్వాజ ఇంట్ల ఆఖరి రోజులల్ల ఆ మొఖం గట్ల చూడలే నేను. ఎందుకో చెప్పాల్నని ఇది రాస్తున్న.

మామ ఒక దఫ్తర్ల మున్షీగ చేసి పింఛనీ మీదికొచ్చిండు. ఆయన తమ్ముడు లడాయికని బర్మా దిక్కు పోయి మళ్ల రాలే. చాన రోజులకు సర్కారు నుంచి ఒక తెల్ల మెడల్ వచ్చింది. ఒక దిక్కు రాజు తల, అంచు పొంటి తమ్ముని నంబరు, పేరు. గప్పటిసంది మామకు మెడల్స్ మీద పడ్డది మనసు. గురువారం వస్తె జుమేరాత్ బజార్‌కు పోయి, పాత తాళాలు, పగిలిన గడియారాల నడుమ నుంచి ఏరుకొచ్చేది. "ఆకలికి అమ్ముకున్నరు పాపం సిపాయిలు. మనింట్లనన్న ఉండనీ" అనేది.

వచ్చి, కాళ్లు కడుక్కొని, కిటికి కాడ కూసుండి భూతద్దం తీస్తుండె. చాయ్ తీస్కపోతె నన్ను పక్కకు పిలిచేది.

"గిటు చూడు బిడ్డా. అచ్చు కొట్టిన అక్షరం కత్తితోని కోసినట్టుంటది. పోత పోసింది అరిగిన సబ్బు మీది అక్షరం లెక్క. సూది గుచ్చినట్టు చిన్న చిన్న బొక్కలుంటయి. కరిగిచ్చి పోసింది సల్లారితె గుంజుకుంటది, గందుకే నకిలిది ఇంతన్న చిన్నగుంటది."

కొన్నిట్ల పాత పేరు ఆకురాయితోని గీకి కొత్త పేరు కొడ్తరట. అంచు పలుచగైతె అదే గుర్తు. చింతపండు పెట్టి తోముదునా మామా అని అడిగితె చెయ్యి అడ్డం పెట్టిండు. "వద్దు బిడ్డా. తోమితె మెరుపొస్తది, మనిషి పోతడు."

మేముండేది లాల్‌దర్వాజల, మీదంతస్తుల కిరాయికి రెండర్రలు. కింద ఇంటి సేటు. ఆయనకు బేగంబజార్ల ఇత్తడి గిన్నెల దుకాణం, ఎనక పోత పోసే కార్ఖానా. మేము మెట్లు దిగితె సేటు వాకిట్ల పడాలె, ఆడికెల్లే గల్లీలకు తొవ్వ. ఇంకో తొవ్వ లేదు. అత్తకు పక్షవాతం వచ్చి మంచం మీదనే ఉండె. మాట సుత పోయింది.

ఒకసారి సేటు, "సుట్టాలొచ్చిండ్రు మున్షీజీ, మీ మెడల్స్ డబ్బా జర ఇయ్యిండ్రి, చూపిచ్చి ఇస్త" అన్నడు. మామ సంబరపడి ఇచ్చిండు. డబ్బా తిరిగొచ్చింది, ఒక్కటి సుత తక్కువ కాలే.

కొన్ని నెలలు పోయినంక ఒక గురువారం మామ బజార్ నుంచి జల్దిన వచ్చిండు. కాళ్లు కడుక్కోలే. పిడికిలి ఇప్పితె రెండు మెడల్స్.

"రెండిట్ల మా తమ్ముని పేరే ఉన్నది బిడ్డా."

ఇంట్లున్న అసలుది ఒకసారి గచ్చు మీద పడి రాజు చెంప మీద గీత పడ్డది. ఆ గీత రెండిట్ల ఉన్నది. అమ్మెటోన్ని అడిగితె సేటు దుకాణం పేరు చెప్పిండట. డబ్బా ఇచ్చిననాడే సేటు దానికి మూస తీసుకున్నడన్నట్టు.

మామ కిందికి దిగిండు. నేను మెట్ల మీద నిలబడి విన్న. సేటు నవ్వుతున్నడు. "అరే మున్షీజీ, హోటళ్లల్ల దొరలు దిగుతరు, లడాయి యాదికని కొనుక్కపోతరు. ఎవలకు నుక్సాన్? మీరు చూసి ఊఁ అనుండ్రి. మీరంటె ఖరా మాల్, అసలు సరుకు అయితది."

"అననంటె?"

"మా కొడుకు పెండ్లున్నది. మీదర్రలు నాకే కావాలె." మెల్లగనే అన్నడు.

మామ, మా ఆయన ఇండ్ల కోసం తిరగని గల్లీ లేదు. మంచంల మనిషి ఉన్నదంటె ఎవ్వలు ఇయ్యలే. సేటు గిరాకులను మీదికి తోల్కరావట్టె. మామ మెడల్‌ను అటిటు తిప్పి, "మంచిగ చూసి తీసుకోండ్రి" అనేది. ఊఁ అనకపోయేది, ఊహూఁ అనకపోయేది. ఆ మాటనే సేటుకు సాలు. వాళ్లు దిగిపోయినంక మామ గోడ దిక్కు తిరిగి కూసుండేది. బజార్‌కు పోవుడు బంద్ చేసిండు. బయటికి పోవాల్నంటె సేటుకు సలాం కొట్టి పోవాలె. "గీ ఇంటికి గొళ్లెం బయటకెల్లి పెట్టినట్టున్నది బిడ్డా" అన్నడొకనాడు. నాకు సుత గట్లనే ఉండె.

గప్పుడే ఒక పగటిపూట ముసలాయన మెట్లెక్కి వచ్చిండు. భుజం మీద గొంగడి, కాళ్లకు దుమ్ము. పాలమూరు దిక్కు ఊరట. ఎనక సేటు.

"నా కొడుకు లడాయిల పోయిండు సారూ. ఆని బిళ్ల మాకు రాలే. సేటు కాడ దొరికింది. దీని మీద ఆని పేరే ఉన్నదంటుండు. నాకు సదువు రాదు. జర సదువు బాంచెన్" అని మామ చేతుల పెట్టిండు.

"సదువుండ్రి మున్షీజీ" అన్నడు సేటు.

మామ అంచు దిక్కు చూసిండు. తమ్ముని పేరు. లోపటి అర్రల మంచం దిక్కు చూసిండు. అత్త కండ్లు తెరుచుకొని ఈడికే చూస్తున్నది. మంచిగున్న చేతితోని మంచం పట్టె మీద కొట్టింది. నోరు వంకర పోతుంటె, బలవంతాన, "చె... ప్పు" అన్నది. చెప్తె రేపు బజార్ల పడేది తనే అని ఆమెకు తెల్సు.

మామ ముసలాయన ముందల కూసున్నడు.

"లేదు పెద్దాయనా. దీని మీద ఉన్నది మా తమ్ముని పేరు. గని ఇది మా తమ్మునిది సుత కాదు. ఎవలదీ కాదు."

డబ్బాలకెల్లి అసలుది తీసి కింద పెట్టి, నకిలిది దాని మీద పెట్టిండు. ముసలాయన వేలు పట్టుకొని అంచు పొంటి తిప్పిండు. మీదిది చిన్నగున్నదని ఆ వేలికి తెలిసింది. సేటు మెట్లు దిగిపోయిండు.

"మరి నా కొడుకుది?" అన్నడు ముసలాయన.

"సర్కారుకు అర్జీ పెడ్దం."

ఆడనే కూసుండి ఇంగ్లీషుల రాసిండు. కొడుకు పేరు రాసి బయటికి సదివిండు. ముసలాయన కండ్లు మూసుకొని, "మళ్ల సదువు సారూ" అన్నడు. మామ మళ్ల సదివిండు. ఆ బిళ్ల వచ్చిందో రాలేదో మాకు తెల్వలే.

ఇల్లు ఖాళీ చేసినం. అత్తను మంచంతోనే ఎత్తుకొని లాల్‌దర్వాజ గల్లీలల్ల నుంచి తీస్కపోతుంటె జనం మనిషి పోయిందనుకొని పక్కకు జరిగిండ్రు. ఉప్పుగూడల పట్టాల పక్కన, ఎవ్వలుండని రేకుల ఇల్లు దొరికింది, ఒక్కటే అర్ర, రైలు పొగ. అత్త ఆ వానకాలం దాటలే. మామ ఒక్కనాడు సుత అయ్యో అట్ల చేస్తినే అనలే. గని ఆ నకిలిలు ఆగలే. తమ్ముని పేరు ఎవలెవల ఇండ్లకో పోతనే ఉండె. "ఆడు ఇంక దేశాలు తిరుగుతనే ఉన్నడు బిడ్డా, నేను ఆపలేకపోయిన" అనేది. చివరిదాక గా ముల్లు ఆయనల నుంచి పోలే.

మొన్న నేను తల్లిగారింటికి పోయే ముందు రోజు ఒక మిలిటరీ రైలు మా ఇంటి ముందల సిగ్నల్ కాడ ఆగింది. ఎండ మస్తుండె. మామ చెంబుల నీళ్లు తీస్కొని, పంచె ఎగ్గట్టి, కంకర మీద నడిచి పోయిండు. కిటికిలకెల్లి ఒక సిపాయి పిలగాడు చెంబు అందుకొని గటగట తాగుతుంటె రైలు కదిలింది. మామ చెయ్యి చాపి రైలు పొంటి జర ఉరికిండు. పిలగాడు చెంబు ఇయ్యబోయిండు, అందలే. రైలు పోయింది. ఆ చెంబు పట్టుకున్న చెయ్యి దూరం దాక ఊగుతనే ఉన్నది. మామ పట్టాల పక్కన నిలబడి, రొప్పుకుంట, నవ్వుతున్నడు.